పెట్టెలో వినపడని మూడు శబ్దాలు

2022. జిల్లాలు ముక్కలు చేసిన ఏడాది. నిడదవోలు వాళ్ళు పశ్చిమ గోదావరిలో పడుకుని తూర్పు గోదావరిలో లేచారని మేం నవ్వుకుంటున్న రోజులు. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు మీంచి ఒక సందులోకి తిరిగితే, ఒక టైలరుకీ ఒక హోమియో డాక్టరుకీ మధ్య నలిగినట్టుండే కొట్టు నాది. కీబోర్డులు, రిథమ్ ప్యాడ్లు, యాంప్లిఫయర్లు, శాంప్లర్లు బాగుచేస్తాను. ఎనిమిదో తరగతిలో లెక్కల మేస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరు బడి వదిలెయ్యాల్సి వచ్చినప్పుడు, ఆయన పిల్లలు గలవాడు గదా అని నేనే వదిలేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా విప్పిన పెట్టెల్లోంచే.

శాంప్లర్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అది సొంతంగా ఏమీ వాయించదు. మనం వినిపించిన శబ్దాన్ని పట్టుకుని దాచుకుంటుంది, కీ నొక్కగానే అప్పజెప్తుంది. దాచుకున్న ఒక్కో శబ్దాన్నీ శాంపిల్ అంటాం. శంఖం ఒక శాంపిల్, ఉరుము ఒక శాంపిల్. ఇప్పటి ఫోన్లో వేల పాటలు పడతాయి గానీ, ఆ పాత పెట్టె మెమరీ అంతా కలిపి పదహారు ఎంబీలు. పూర్తి నాణ్యతతో దాచితే మూడు నిమిషాల శబ్దం. ఒక నాటకంలోని ఉరుములూ శంఖాలూ గుర్రాలూ సైన్యాలూ అన్నీ ఆ మూడు నిమిషాల్లోనే కాపురం ఉండాలి. ఒకరు కాళ్ళు చాపితే ఇంకొకరు అరుగు మీద పడుకోవాల్సిందే. అందుకే మా పనిలో సగం రిపేరు, సగం సర్దుబాటు.

ఆ జులైలో, గోదారికి ఎర్రనీళ్ళు తగులుతున్న రోజుల్లో, రామచంద్రపురం నుంచి శేషగిరి మాస్టారు అలాంటి పెట్టెని తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఆయన పద్యనాటకాలకి హార్మోనిస్టు. కాలి హార్మోనియం తొక్కుతూ కుడిచేత్తో పద్యానికి స్వరం అందిస్తారు. ఖాళీగా ఉన్న ఎడమచేత్తో, శాంప్లర్‌కి తగిలించిన చిన్న కీబోర్డు మీద ఉరుములూ శంఖాలూ మోగిస్తారు.

"ఏం సత్తిబాబూ, ఖాళీగా ఉన్నావా?" అన్నారు.

"మీ కోసమేనండి. పొద్దుట్నుంచి వచ్చినవాళ్ళందర్నీ పొమ్మంటున్నాను."

"వచ్చినవాళ్ళుంటే కదయ్యా పొమ్మనడానికి," అని పెట్టె బల్ల మీద పెట్టారు. "మెమరీ ఫుల్ అంటోంది. కొత్త డైరెక్టరు ఏనుగు కావాలంటున్నాడు."

"స్టేజీ మీదకాండీ?"

"శబ్దం చాలన్నాడు, మా అదృష్టం. ఏనుగు ఘీంకారం ఒకటి, జనం జేజేలు ఒకటి. ఆదివారం పొద్దున్న నిడదవోల్లో పరిశీలన. ఈలోగా ఎక్కించాలి."

పరిశీలన అంటే, నాటక పోటీలకి ముందు ఇద్దరు పరిశీలకులు ఊరూరా తిరిగి, ఒక్కో సమాజం నాటకాన్నీ పగటిపూట చూసి, పోటీకి పనికొస్తుందో లేదో తేల్చే తంతు. ఆ సమాజంలో రాజు వేషం వీర్రాజు గారిది. పేరులోనూ రాజే, వేషంలోనూ రాజే. ఇంట్లో మాత్రం ఆవిడ మాటే శాసనమని ఆయనే చెప్పేవారు. అరవై దాటాయి. ఆయన కదలకుండా కొండలా ఒకేచోట నిలబడి పద్యం పాడే తీరుకి పేరుంది. రాగాన్ని మిగతావాళ్ళలా సాగదీయకుండా కత్తితో కోసినట్టు ముగిస్తారని కూడా పేరుంది.

"ఈసారి ఎంపిక కాకపోతే రాజు వేషం మార్చేస్తానన్నారు సూరిబాబు గారు," అన్నారు మాస్టారు వెళ్ళబోతూ. సూరిబాబు గారంటే సమాజం అధ్యక్షులు, నిడదవోల్లో ధాన్యం వ్యాపారి. "వీర్రాజుకి ఆ వేషం తప్ప ఇంకోటి లేదు. నువ్వు కాస్త జాగ్రత్తగా చెయ్యి."

"మీ ఏనుగు తొండం కూడా ఊపుతుందండి, చూస్తూ ఉండండి," అన్నాను.

మర్నాడు పెట్టె ముందు కూర్చున్నాను. మెమరీ సర్దడంలో మాకు కొన్ని దారులున్నాయి. మొదటిది ట్రిమ్, అంటే శబ్దం అయిపోయాక వెనకాల మిగిలిన ఖాళీని కత్తిరించడం. శంఖం ఊదడం ఆపాక ఊదినాయన దగ్గు కూడా రికార్డయి ఉంది, తీసేశాను. రెండోది మోనో. ఉరుముని ఎడమ చెవికొకటీ కుడి చెవికొకటీ స్టీరియోలో దాచారు. ఉరిమేటప్పుడు ఏ చెవికి ఉరిమిందని ఎవరూ చూసుకోరు కాబట్టి ఒకటే ఉంచాను, సగం జాగా దొరికింది. మూడోది శాంపిల్ రేట్, అంటే క్షణానికి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచి దాచాలన్న లెక్క. గంటల్లాంటి సన్నని శబ్దాలకి ఎక్కువ కావాలి, గుర్రపు డెక్కలకి సగం చాలు. నాలుగోది లూప్. శబ్దంలో ఒక చిన్న ముక్కని గుండ్రంగా తిప్పుతూ ఉంటే వాన ఎంతసేపైనా కురుస్తుంది, మెమరీలో ఉన్నది రెండు సెకన్ల వానే అయినా.

ఇన్ని చేసినా ఏనుగు పట్టింది గానీ జేజేలు పట్టలేదు. అప్పుడు జాబితా మొత్తం కిందికి దింపుకుంటూ పోతే, చివర్లో మూడు పేర్లు కనపడ్డాయి.

NELA 4. NELA 5. NELA 6.

ఒక్కోటి ఇరవై సెకన్లు. మూడూ కలిస్తే నిమిషం, అంటే పెట్టెలో మూడో వంతు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అది నేను నేర్పిన అలవాటే. నా దగ్గరికొచ్చే ఆర్కెస్ట్రా వాళ్ళందరికీ, ప్రతి నెలా ఒక కాపీ తీసి దానికి నెల అని పేరు పెట్టి పక్కన అంకె వేసుకోమని చెప్తాను. ఏప్రిల్‌కి నాలుగు, మే నెలకి ఐదు, జూన్‌కి ఆరు. మేం ఉన్నది జులై. ఇంతకన్నా రుజువేం కావాలి. మాస్టారు కాపీలు తీశారు గానీ, తీసినవాటిని పెట్టెలోనే కూరి పెట్టుకున్నారు. మారు తాళంచెవి ఇంట్లోనే పెట్టి తాళం వేసుకున్నట్టు.

అయినా చూశానని చెప్పుకోవాలి గదా, మూడూ మోగించి చూశాను. బల్ల మీద అరచెయ్యంత స్పీకరు ఉంది. ఏమీ వినపడలేదు. వాల్యూం పెంచాను. స్పీకరు గుడ్డ కాస్త వణికినట్టనిపించింది, ఫ్యాను గాలనుకున్నాను. ఖాళీ కాపీలని తేల్చేసి, మర్యాదకి మాస్టారికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, పాత నెలల కాపీలు మూడున్నాయండి. తీసెయ్యనా?"

"నెలల కాపీలా? నేనేం పెట్టానో గుర్తులేదయ్యా. పాతవైతే ఎందుకు, తీసెయ్."

"లోపలేం లేదండి. ఏమీ వినపడట్లేదు."

"వినపడనిదానికి నన్నడగడం దేనికి," అని పెట్టేశారు.

తీసేశాను. ఇలాంటి పెట్టెకి కరెంటు పోతే మనం ఎక్కించినదేదీ గుర్తుండదు. సరుకంతా ఒక కార్డు మీద దాచి, పెట్టె వేసినప్పుడల్లా అందులోంచి ఎక్కించుకోవాలి. కొత్త సరుకుని కార్డు మీద పాతదాని మీదే సేవ్ చేశాను. జేజేలు సుఖంగా పట్టాయి. ఇంకా జాగా మిగిలింది కూడా. ఆ రోజు నా మీద నాకు చాలా మంచి అభిప్రాయం ఉంది.

ఆదివారం పెట్టె నేనే తీసుకుని నిడదవోలు వెళ్ళాను. స్టేషనుకి దగ్గర్లో ఒక కల్యాణమండపం. పదింటికి మొదలు. పరిశీలకులు ఇద్దరు ముందు వరసలో అట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన పాత గాయకుడు, ఒకావిడ రిటైరైన తెలుగు లెక్చరరు. మేకప్ చేసుకుని కూర్చున్న వీర్రాజు గారి దగ్గరికెళ్ళి, "రాజు గారూ, ఏనుగుని తెచ్చానండి, మావటివాడికి భోజనం మీరే పెట్టాలి," అన్నాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. నా మాటలకి అందరికన్నా ముందు నవ్వేది ఎప్పుడూ ఆయనే.

స్టేజీ మధ్యలో ఆయన నిలబడే చోట ఒక చెక్క పలక, దాని కింద బోర్లా పడుకోబెట్టిన పెద్ద బేస్ స్పీకరు ఉన్నాయి. వాళ్ళ నాటకాలకి ఎప్పుడెళ్ళినా అది అలాగే ఉంటుంది. శాంప్లర్ వెనక మూడో రంధ్రంలోంచి దానికొక్కదానికే విడిగా ఒక వైరు. స్పీకరుకి నిద్రపట్టిందాండీ అని ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. మాస్టారు ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఉరుములకి పలక అదిరితే రాజు గారికి ఊపొస్తుంది కాబోలని నాకు నేనే చెప్పుకున్నాను.

తెర లేచింది. ఏనుగు ఘీంకరించింది. లెక్చరరు గారు ఉలిక్కిపడి అట్ట కింద పడేసుకున్నారు. పక్కనించి నేను మాస్టారికి బొటనవేలు చూపించాను. జేజేలు లేచాయి. వీర్రాజు గారు వట్టి కాళ్ళతో నడిచొచ్చి పలక మీద నిలబడ్డారు. మాస్టారు ఎడమచేత్తో కీబోర్డు మీద అట్టడుగున ఉన్న ఒక కీ నొక్కారు.

ఏమీ జరగలేదు. ఆ కీ నొక్కితే ఏదో జరగాలని నాకు తెలియదు కాబట్టి, ఏమీ జరగకపోవడం కూడా నాకు తెలియలేదు. మాస్టారు ఆ కీని మళ్ళీ నొక్కారు. మూడోసారి కాస్త గట్టిగా నొక్కారు. హార్మోనియం మీద కుడిచెయ్యి ఐదో శ్రుతిలో స్వరం పట్టి ఉంచింది. వీర్రాజు గారు తల వంచి తన పాదాల వైపు చూసుకున్నారు. తర్వాత పద్యం ఎత్తుకున్నారు.

ఎత్తుకున్నది ఐదు కాదు, ఆరూ కాదు, మధ్యలో ఎక్కడో. హార్మోనియం ఒక ఊళ్ళో, గొంతు ఇంకో ఊళ్ళో. రెండో పాదానికి ఇంకా జారింది. హాలంతా తలలు పైకెత్తింది. గాయకుడాయన కలం ఆగి, వెంటనే మళ్ళీ కదిలింది. అంత గొప్ప గొంతు అంత ధీమాగా అంత తప్పుగా పాడుతుంటే, వినేవాళ్ళకి సిగ్గేసి తలలు దించుకున్నారు. చిత్రమేంటంటే ఆయన ముఖంలో తప్పు పాడుతున్నానన్న జాడే లేదు. ఎదురుగా హార్మోనియం మోగుతూనే ఉంది. అది ఆయనకి వినపడుతున్నట్టే లేదు.

మాస్టారు నా వైపు తిరిగారు. ఇరవై ఏళ్ళ పరిచయంలో ఆయన నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు.

"నేల ఏదిరా?"

"ఏంటండీ?"

"నేల. నేల నాలుగు, నేల ఐదు, నేల ఆరు. పెట్టెలో పెట్టినవి ఏవి?"

తెలుగులో ఎత్వం వేరు, ఏత్వం వేరు. ఆ పెట్టె తెర మీద తెలుగు లేదు, ఉన్న ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే E. నేను చదివింది నెల, ఆయన రాసింది నేల. ఫోన్లో నేను నెల అనే అన్నాను, ఆయన నెల అనే విన్నారు. ఇద్దరం సరిగ్గానే మాట్లాడుకున్నాం. అంకెలు నెలలు కావు, శ్రుతులు. నాలుగు శ్రుతి, ఐదు శ్రుతి, ఆరు శ్రుతి.

"తీసేశానండి," అన్నాను.

మాస్టారు హార్మోనియం తొక్కడం ఆపకుండానే నా వైపు వంగారు. "వాడికి చెవుల్లేవురా. ఆరేళ్ళయింది. కింద స్పీకర్లోంచి పలక అదిరితే, పాదాలతో శ్రుతి పట్టుకుంటాడు. నాకూ వాడికీ తప్ప తెలియదు."

వీర్రాజు గారు కొండలా కదలకుండా నిలబడతారని పేపర్లవాళ్ళు రాశారు, పలక దిగితే శ్రుతి పోతుందని ఎవరికీ తెలియదు. ఎదుటి పాత్రల పెదాలు చూసి జవాబు చెప్తున్నారని తెలియదు. రోడ్డు మీద వెనకనించి పలకరిస్తే పలకరని, ఆయనకి వేషం తలకెక్కిందని మేమందరం చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. ఇక నా జోకులు. ఆరేళ్ళుగా వాటికి అందరికన్నా ముందు నవ్విన మనిషి ఒక్కటి కూడా వినలేదు. నా ముఖం చూసి, ఇప్పుడు నవ్వాలని లెక్కేసుకుని నవ్వారు.

అరచెయ్యంత స్పీకరులో అంత లోతు శబ్దం పలకదని, పలకకపోవడం వేరు లేకపోవడం వేరని, మా పనిలో మొదటి రోజు నేర్చుకునే సంగతి. స్పీకరు గుడ్డ వణికిందని చూసి కూడా ఫ్యాను మీద తోసేశాను.

పద్యం అయిపోయింది. చప్పట్లు లేవు. తెర పడింది. తర్వాత విదూషకుడి రంగం. తెర ముందు ఒకాయన ఎనిమిది నిమిషాలు నవ్విస్తాడు. రాజు మళ్ళీ వచ్చేది ఆ తర్వాతే.

"కార్డులో పాతది ఉందా?" అన్నారు మాస్టారు.

"దాని మీదే సేవ్ చేశానండి."

ఆయన పెట్టెని నా వైపు తోశారు.

పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. రికార్డు చెయ్యడానికి లోతు శబ్దం ఎక్కడుంది? హార్మోనియం అంత కిందికి దిగదు. అప్పుడు జాబితాలో మొట్టమొదటి పేరు మీద కన్ను పడింది. ఆ పెట్టె తయారుచేసినవాళ్ళే లోపల పెట్టి పంపిన సైన్ అనే శాంపిల్. అన్ని శబ్దాల్లోకీ సాదాది, ఒకే ఒక్క అల. అల మొదలైన చోటే ముగుస్తుంది కాబట్టి దాన్ని గుండ్రంగా తిప్పితే అతుకు తెలియదు. ఏ కీ మీద పెడితే ఆ స్వరం పలుకుతుంది. అడుగు కీల మీద పెడితే నాలుగూ ఐదూ ఆరూ మూడు శ్రుతులకీ అదొక్కటే సరిపోతుంది. మెమరీలో అది తీసుకునే జాగా ఎంతంటే, తెర మీద ఖాళీ ఎంతుందో చూపించే అంకె కూడా మారదు.

నేల శాంపిళ్ళు పోయినా, వాటిని ఏ కీ మీద పెట్టాలో, ఏ వైరులోకి పంపాలో చెప్పే ప్రోగ్రాం మిగిలింది. అందులో పోయిన పేర్ల బదులు సైన్ పెట్టాను. శబ్దం మూడో రంధ్రంలోకి, పలక కింది స్పీకర్లోకి మాత్రమే వెళ్తోందని రెండుసార్లు చూసుకున్నాను. పెద్ద స్పీకర్లలోకి వెళ్తే హాలంతా తేనెటీగల పట్టులా రొద పెడుతుంది. తెర అవతల విదూషకుడు తన పెళ్ళాం గురించి ఏదో అంటున్నాడు, జనం నవ్వుతున్నారు.

"నొక్కండి," అన్నాను మాస్టారితో. చెప్పులు విప్పి పలకెక్కాను.

నొక్కారు. చెవులకేమీ తెలియలేదు. అరికాళ్ళలో మొదలై, పిక్కల్లోంచి మోకాళ్ళలోకి, అక్కణ్ణుంచి నడుములోకి సన్నగా పాకింది. మాస్టారు పక్క కీ నొక్కితే అది మారింది. ఎలా మారిందో చెప్పలేను, బిగువు పెరిగినట్టు. నేను ముప్పై ఏళ్ళుగా శబ్దాలు బాగుచేస్తున్నాను. శ్రుతిని కాళ్ళతో పట్టుకోవచ్చని ఆ రోజే తెలిసింది.

తెర లేచింది. వీర్రాజు గారు వచ్చి పలక మీద నిలబడ్డారు. మాస్టారి ఎడమచెయ్యి కిందికి దిగింది. రాజు గారి కనురెప్పలు ఒక్కసారి మూతపడి తెరుచుకున్నాయి. ఎత్తుకున్న పద్యం ఐదో శ్రుతి మీద మేకు కొట్టినట్టు నిలబడింది. హాల్లో ఎవరో హమ్మయ్య అన్నారు. నాకు మాత్రం మొదటి పద్యమే వినపడుతోంది.

నాటకం అయిపోయాక గాయకుడాయన లేచి స్టేజీ దగ్గరికొచ్చారు. "మొదటి అంకంలో రాజు పాత్ర శ్రుతి పూర్తిగా జారిందండి. రెండో అంకంలో మళ్ళీ ఇంత శుద్ధంగా ఎలా పాడారో నాకు బోధపడలేదు."

సూరిబాబు గారు వెంటనే అందుకున్నారు. "నిన్నట్నుంచి ఆయన గొంతు బాలేదండి. జలుబు."

వీర్రాజు గారు ఆయన పెదాల వంకే చూస్తున్నారు. "గొంతు బాగానే ఉందండి," అన్నారు. "చెవులే లేవు."

హాల్లో కుర్చీలు మడుస్తున్నవాళ్ళు మడుస్తున్నట్టే ఆగిపోయారు. వీర్రాజు గారు దాచకుండా చెప్పారు, ఆరేళ్ళనించీ ఎలా పాడుతున్నదీ, పలక కింద ఏముందీ. నేను ముందుకెళ్ళి, మొదటి అంకంలో తప్పు ఆయనది కాదు, ఆ శబ్దాలు తీసేసింది నేనని చెప్పాను. గాయకుడాయన వంగి పలక కింది స్పీకరుని చూశారు.

"ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసింది," అన్నారు. "కానీ మేం రాయాల్సింది విన్నదేనండి."

ఆయన వెళ్ళాక సూరిబాబు గారు వీర్రాజు గారి ఎదురుగా నిలబడ్డారు. "ఆరేళ్ళు నా పక్క విస్తరి ముందు కూర్చుని తిన్నావు. ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"చెప్తే వేషం ఉంచేవారాండీ?"

సూరిబాబు గారు కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచారు.

పది రోజులకి పోటీకి ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చింది. అందులో వాళ్ళ సమాజం లేదు. మాస్టారు ఫోన్ చేసి ఆ ముక్క చెప్పి పెట్టేశారు. ఆ వారం నేను ఎవర్నీ ఎగతాళి చెయ్యలేదు. టైలరు వచ్చి ఒంట్లో బాలేదా అని అడిగాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం ముగ్గురూ కలిసి కొట్టుకొచ్చారు. మాస్టారి చేతిలో పెట్టె, వీర్రాజు గారి చంకలో పలక, వెనక సూరిబాబు గారు. వేషం సంగతి తేల్చేముందు ఈ కాళ్ళ వ్యవహారం దగ్గర్నించి చూడాలన్నారాయన. బేస్ స్పీకరు నా కొట్లోదే బోర్లించాను. వీర్రాజు గారు పలకెక్కారు. మాస్టారు కీ నొక్కారు. పద్యం అయ్యాక మాస్టారు మళ్ళీ కీ నొక్కారు, రాగం మొదలైంది. ఇరుకు కొట్టు, రేకుల మీద వాన, ఆ గొంతు. టైలరు మిషను ఆపేశాడు.

రాగం పైకి వెళ్తుండగా మాస్టారు ఉన్నట్టుండి కీ మీంచి వేలు తీసేశారు. వీర్రాజు గారు ఠక్కున ఆపేశారు.

"ఎందుకు తీశావు? నా లెక్కకి ఇంకా ఉంది," అన్నారు మాస్టారితో.

"ఇరవై అయిపోయింది గదా," అన్నారు మాస్టారు.

నాకు అర్థం కాలేదు. ఇరవై ఏంటని అడిగాను. మాస్టారు చెప్పారు. ఆయన ఎవరిదో కీబోర్డు అడిగి తెచ్చి ఆ మూడు శబ్దాలూ రికార్డు చేసినప్పుడు, ఇరవై సెకన్లు దాటితే మెమరీ ఫుల్ అందట. లూప్ చేద్దామంటే అతుకు దగ్గర పలక టక్కుమని కొట్టేదట. పద్యంలో పాదానికీ పాదానికీ మధ్య ఆగినప్పుడు మళ్ళీ నొక్కేవారట గానీ, రాగం మధ్యలో నొక్కితే కింద ఎవరో తన్నినట్టుండేదట. అందుకని మనసులో లెక్కపెట్టుకుని, ఇరవై అయ్యేలోగా రాగం ముగించెయ్యాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

కత్తితో కోసినట్టు ముగిస్తారన్న పేరు అలా వచ్చింది.

ఆరోజు నిడదవోల్లో తగిలిన దెబ్బ కన్నా ఇది పెద్దది. ఆ ఆరేళ్ళలో ఆ పెట్టె నా బల్ల మీదకి కనీసం పదిసార్లు వచ్చింది. బటన్లు మార్చాను, తెర వెనక బల్బు మార్చాను, దుమ్ము ఊదాను. ఎనిమిది నిమిషాల్లో చేసిన పని, ఆ పదిసార్లలో ఏ ఒక్కసారైనా చేసి ఉండేవాణ్ణి. పెట్టెలో జాగా లేదని ఒక మనిషి తన రాగాన్ని ఆరేళ్ళపాటు తుంచుకున్నాడు. ఆయన సిగ్గుపడి చెప్పలేదు. నేను తెలివైనవాణ్ణి గదా, అడగలేదు.

"ఇది ఆగదండి," అన్నాను. అన్నాక గుర్తొచ్చి, ఆయనకి ఎదురుగా వెళ్ళి, పెదాలు కనపడేలా నిదానంగా చెప్పాను. "రాజు గారూ, ఈ కొత్తది ఆగదు. మాస్టారు వేలు తీసేదాకా పలుకుతూనే ఉంటుంది. మీ ఊపిరి ఎంతుంటే అంత."

ఆయన నన్ను అనుమానంగా చూశారు. జోకేమోననుకున్నారు పాపం, నవ్వబోయి ఆగిపోయారు. మాస్టారు మళ్ళీ నొక్కారు. ఇరవై దాటింది. నలభై దాటింది. ఒక చోట ఊపిరి తీసుకుని, పాదాల్ని కాస్త ఎడం చేసి, ఆయన ఆ రాగాన్ని అలా పైపైకి తీసుకెళ్తూనే ఉన్నారు. మాస్టారి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, వేలు మాత్రం కదల్లేదు. ఎంతసేపు పాడారో నేను లెక్కపెట్టలేదు. సందులో గొడుగులు ఆగిపోయాయి.

అయిపోయాక సూరిబాబు గారు కుర్చీలోంచి లేచి వీర్రాజు గారి ముందుకొచ్చారు. "వినాయక చవితికి కడియంలో నాటకం ఒప్పుకున్నాను," అన్నారు, ఒక్కో మాటా విడివిడిగా. "కిరీటం పూసలూడుతున్నాయి. బాగుచేయించుకో."

"ఆయ్," అన్నారు వీర్రాజు గారు.

జాబితా మారలేదు. ఆ ఏడాది పోటీ నా చేతులమీదుగా పోయింది, అది పోయిందే. అప్పట్నుంచి నా కొట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరి పెట్టెలోంచైనా ఒక్క శాంపిల్ తియ్యాల్సి వస్తే, ఫోన్లు లేవు. ఆ మనిషిని పిలిపించి, పక్కన కూర్చోబెట్టి, ఒక్కోటీ మోగిస్తాను. దాని పేరేంటని అడగను. అదేం పని చేస్తుందండీ అని అడుగుతాను. చెప్పేదాకా చెయ్యి బటన్ మీద పెట్టను.